ఆ షాట్ ఇంకా రాలేదు: ట్రైలర్లు కట్ చేసేవారికి బహిరంగ లేఖ

సినిమా నిర్మాతలకు, దర్శకులకు, ట్రైలర్లు కట్ చేసే ఎడిటర్లకు, ప్రచార బృందాలకు,

నమస్కారం.

నేను సినిమా రంగానికి చెందిన మనిషిని కాదు. టికెట్ కొనుక్కుని చూసే ప్రేక్షకురాలిని. సస్పెన్స్, మిస్టరీ సినిమాలంటే ప్రాణం. రెండు నిమిషాల్లో ఒక కథ మీద ఆకలి పుట్టించడం చిన్న విద్య కాదు. ఆ విద్య మీద గౌరవం ఉంది కాబట్టే రాస్తున్నాను. ఇక విషయానికి వస్తాను.

కొన్నాళ్ల క్రితం మా నాన్నగారూ నేనూ ఒక మర్డర్ మిస్టరీకి వెళ్లాం. సినిమా పేరు చెప్పను, తీసినవాళ్ల పేరూ చెప్పను. ఒక్కరిని నిలదీయడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. సెకండాఫ్ మొదలై పావుగంటయింది. హీరోయిన్ ఒక పాడుబడ్డ ఇంట్లో ఇరుక్కుపోయింది. కరెంటు లేదు. చేతిలో ఫోన్ వెలుగు తప్ప ఏమీ లేదు. పై అంతస్తులో ఎవరో నడుస్తున్న చప్పుడు. ఆ చప్పుడు మెట్ల మీదికి వచ్చింది, ఒక్కో మెట్టే దిగుతోంది. కెమెరా ఆమె మొహం మీంచి కదలదు. హాలంతా ఊపిరి బిగబట్టింది. నేను సీటు పిడి గట్టిగా పట్టేసుకున్నాను. అప్పుడు నాన్నగారు నా వైపు వంగి మెల్లగా అన్నారు: "టెన్షన్ పడకమ్మా, ఈ పిల్లకేం కాదు. ట్రైలర్లో వానలో తడుస్తూ వంతెన మీద నిలబడుతుంది చూడు, ఆ షాట్ ఇంకా రాలేదు."

అంతే. పిడి మీంచి చేయి తీసేశాను.

ఆయన తప్పేం లేదు. ఆయన కథ చెప్పలేదు, హంతకుడెవరో చెప్పలేదు, అసలు ఆయనకీ తెలియదు. ట్రైలర్ చూసిన ఎవరికైనా తట్టే లెక్క అది. ఆ తర్వాత గంటసేపు మేమిద్దరం సినిమా చూడలేదు, షాట్లకు టిక్కులు పెట్టుకున్నాం. కారు బోల్తా పడింది, టిక్కు. పోలీసాఫీసరు చొక్కా మీద రక్తం, టిక్కు. వంతెన రాలేదు కాబట్టి ఆమె బతికే ఉంటుంది. ట్రైలర్లో అదే వంతెన మీద ఒకతని భుజం మీద తల వాల్చింది కాబట్టి వాడు హంతకుడు కాదు. సినిమాలో మాత్రం చివరి పది నిమిషాల దాకా వాడి మీదే అనుమానం నడిపించారు, పాపం. రచయిత అంత కష్టపడి అల్లిన ముడిని ట్రైలర్లోని ఒకటిన్నర సెకను విప్పేసింది.

ఇంటికొచ్చాక ఆ సంస్థకు మర్యాదగానే మెయిల్ పెట్టాను. వారానికి జవాబొచ్చింది: మా సినిమా మీద మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు అని. దాని కింద ట్రైలర్ లింకు. రెండోసారి రాస్తే మళ్లీ అదే జవాబు, అదే లింకు. మూడోసారికి అదీ లేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను.

ట్రైలర్ ఎలా చేయాలో మీకు చెప్పేంతదాన్ని కాదు. మీ పెద్దలే చేసి చూపించినవి గుర్తుచేస్తాను. 1960లో 'సైకో' కోసం సస్పెన్స్ సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ చేసిన ట్రైలర్ ఆరు నిమిషాల పైనే ఉంటుంది. అందులో సినిమా సన్నివేశాలేవీ లేవు. కథ జరిగే మోటెల్‌నీ (రోడ్డు పక్క బస హోటల్) దాని వెనకున్న ఇంటినీ ఆయనే స్వయంగా, ఇల్లు చూపించే బ్రోకర్‌లా తీరిగ్గా తిప్పి చూపిస్తాడు. ఇదిగో ఈ మెట్ల దగ్గరే, అని మొదలుపెట్టి మాట మధ్యలో మింగేస్తాడు. మొహం చిట్లించి పక్క గదిలోకి వెళ్లిపోతాడు. చివరికి స్నానాల గదికొచ్చి తెర లాగుతాడు, ఒక ఆడమనిషి కెవ్వున అరుస్తుంది. సినిమాలో ఆ గదిలో స్నానం చేసేది జానెట్ లీ. ట్రైలర్లో అరిచింది మాత్రం విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్, అదే సినిమాలోని ఇంకో నటి! హత్య జరిగే చోటు చూపించాడు, మెట్లు చూపించాడు, తెర కూడా లాగి చూపించాడు. చంపిందెవరో, ఎందుకో మాత్రం బయటపెట్టలేదు. సినిమా మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వొద్దని థియేటర్లకు షరతు పెట్టిన మనిషి ఆయన. ఏది చెప్పాలో, ఏది దాచాలో అంత లెక్క ఉండేది.

బల్ల కింద బాంబు గురించి ఆయన చెప్పిన మాట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఉన్నట్టుండి బాంబు పేలితే ప్రేక్షకుడికి దక్కేది కొన్ని సెకన్ల ఉలికిపాటు. బల్ల కింద బాంబుందనీ, ఎన్ని గంటలకు పేలుతుందో కూడా ముందే తెలిస్తే అవే కబుర్లు పావుగంటసేపు చెమటలు పట్టిస్తాయి. అంటే సస్పెన్స్ కావాలంటే కొంత చెప్పాల్సిందే. నేను కాదనడం లేదు. బాంబుందని చెప్పండి, గడియారం చూపించండి. పేలిందో లేదో చెప్పకండి. మీరిప్పుడు చేస్తున్నది, బాంబు చూపించిన మరుక్షణమే ఆ ఇద్దరూ ఆస్పత్రి మంచం మీద నవ్వుతూ కాఫీ తాగే షాట్ వేయడం.

1979లో 'ఏలియన్' ట్రైలర్ చూడండి. ఒక్క డైలాగ్ లేదు. ఒక గుడ్డు, దాని పగులులోంచి వెలుగు. తర్వాత పరిగెత్తే మనుషులు, భయంతో బిగుసుకున్న మొహాలు, చెవులు చిల్లులు పడే ఒక రొద. దేన్ని చూసి పరిగెత్తుతున్నారో తెలియదు. 2007లో 'క్లోవర్‌ఫీల్డ్' టీజర్ థియేటర్లలో వేసినప్పుడు దానికి సినిమా పేరు కూడా పెట్టలేదు, విడుదల తేదీ మాత్రమే ఉంది. ఒక ఇంట్లో పార్టీ, దూరంగా పేలుడు, వీధిలోకి దొర్లుకుంటూ వచ్చి పడిన స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) తల. ఎవరు విసిరారు? ఆరు నెలలు జనం దాన్నే తలుచుకున్నారు.

కుతూహలం ఎలా పుడుతుందన్నదాని మీద జార్జ్ లోవెన్‌స్టైన్ అనే పరిశోధకుడు 1994లో ఒక సిద్ధాంతం చెప్పాడు. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనబడినప్పుడు మనసు దురదపెడుతుందని. ఏమీ తెలియకపోతే దురద లేదు, అంతా తెలిసిపోతే అసలే లేదు. మీ పనంతా ఆ ఖాళీని ఎంత వెడల్పులో ఉంచాలన్నదే. నల్లటి తెర మీద రెండు సెకన్లు ఆగడం, సంగీతం టక్కున ఆపేసి ఒక్క ఊపిరి శబ్దం వినిపించడం, ప్రశ్న ఒకరి నోట వేయించి జవాబు రాకముందే ఇంకో షాట్‌కి దూకడం, ఒక షాట్‌లోని మాటను ఇంకో షాట్ మీద పరిచి అర్థం మార్చేయడం. ఇవన్నీ ఆ ఖాళీ కోసమే పుట్టాయి. ఇప్పుడు అవే పనిముట్లతో ఖాళీని పూడ్చేస్తున్నారు. దానివల్ల మామూలు ప్రేక్షకులకు ఏమవుతోందో వరసగా చెప్తాను.

1. టికెట్ కొన్నవాడికి సగం సినిమానే దక్కుతోంది. నాన్నగారి వంతెన ఒక్కటే కాదు. 2000లో వచ్చిన 'కాస్ట్ అవే' ట్రైలర్లో, దీవిలో చిక్కుకున్న హీరో ఇంటికి తిరిగొచ్చి తను ప్రేమించిన ఆమెను కలవడం కూడా చూపించేశారు. ఇక సినిమాలో అతను తెప్ప కట్టుకుని అలలను దాటుతుంటే మనం దేనికి భయపడాలి? 1991లో 'టెర్మినేటర్ 2' సినిమా మొదట్లో, భవిష్యత్తు నుంచి వచ్చిన ఇద్దరు మరమనుషుల్లో పిల్లాణ్ని కాపాడేవాడెవడో తెలియకుండా తీశారు. ట్రైలర్లో ఆ సంగతి చెప్పేశారు. 2015లో అదే వరస సినిమా ఒకదానికి ప్రధానమైన మలుపునే ట్రైలర్లో పెడితే దర్శకుడు అలన్ టేలర్ తన అసంతృప్తిని బయటికే చెప్పారు. సినిమా తీసిన మనిషికే చెల్లుబాటు కాకపోతే మా బోటివాళ్ల మెయిల్ ఎవరు చదువుతారు?

ఇక్కడో మాట. మలుపు చెప్పేయడమే నష్టం అనుకుంటున్నారు మీలో చాలామంది, అందుకే హంతకుడి మొహం దాచితే చాలనుకుంటారు. అది కాదు. సెకండాఫ్‌లోని షాట్ ఏదైనా సరే, అది ఎంత అమాయకంగా ఉన్నా, మా చేతిలో ఒక హామీపత్రం అయిపోతుంది. ఈ మనిషి అప్పటిదాకా బతికుంటాడు, ఈ ఇల్లు అప్పటిదాకా కాలిపోదు, వీళ్లిద్దరూ అప్పటికి రాజీ పడతారు. ఆ హామీపత్రాలు జేబులో పెట్టుకుని హాల్లోకి వచ్చినవాడికి ఏ మెట్ల చప్పుడూ భయం పుట్టించదు.

2. వద్దనుకున్నా తప్పించుకోలేకపోతున్నాం. ట్రైలర్ చూడొద్దని మొండిగా కూర్చునేవాళ్లు నాకు తెలుసు, నేనూ ఆ జాతిలో చేరాను. కానీ వేరే సినిమాకి వెళ్తే ముందు మీ ట్రైలర్ వేస్తారు. ఫోన్లో వేరే వీడియో పెడితే అడక్కుండానే మొదలవుతుంది. లింకు నొక్కకపోయినా దాని మీదుండే బొమ్మలోనే విలన్ నిలబడి ఉంటాడు. కళ్లు మూసుకోవచ్చు. చెవులు? మా అత్తయ్య ఒకావిడ ట్రైలర్ వచ్చినప్పుడల్లా చీర కొంగు నెత్తిన కప్పుకుని దేవుడి పాట పాడుకుంటుంది. మేం నవ్వుతాం గానీ, ఇంకో దారి చెప్పండి చూద్దాం.

3. ట్రైలర్‌కి ముందు ట్రైలర్. ఆన్‌లైన్‌లో అసలు ట్రైలర్ మొదలవ్వకముందే, అందులోని పేలుళ్లూ అరుపులూ కలిపి ఐదు సెకన్ల ముక్క ఒకటి దడదడా కొట్టి, తర్వాత మళ్లీ మొదటినుంచి మెల్లగా మొదలుపెడుతున్నారు. ప్రకటన దాటేసే బటన్ వచ్చేలోపు మమ్మల్ని పట్టుకోవాలని. ఆ తర్వాత మీరు ఎంత ఓపిగ్గా నిశ్శబ్దం కట్టినా ఏం లాభం? ఆ నిశ్శబ్దం చివర ఏముందో ముందే చూశాం.

4. చప్పుడు. థియేటర్లో వేసే ట్రైలర్ల ధ్వనికి హాలీవుడ్ సంస్థలు 85 డెసిబెల్స్ అనే ఒక హద్దు పెట్టుకున్నాయి. అయితే అది మొత్తం ట్రైలర్ మీద తీసే ఒక రకం సగటు. సగటంటేనే లొసుగు. కాసేపు నిశ్శబ్దంగా ఉంచితే ఆ మిగులుని ఒక్క దెబ్బలో ఖర్చుపెట్టొచ్చు. 2010లో 'ఇన్సెప్షన్' ట్రైలర్ల తర్వాత, ఇనుప గుమ్మటం కూలినట్టుండే ఆ 'బ్రామ్' శబ్దం ప్రతి ట్రైలర్‌కీ అంటుకుంది. మీకది సంగీతం. పిల్లల సినిమాకి వచ్చిన నాలుగేళ్ల పాపకి అది ఇంటికి పరుగు. ఒకసారి మా ముందు వరసలో ఒక తండ్రి కూతుర్ని ఎత్తుకుని బయటికి వెళ్లిపోయాడు. వాళ్లు చూడటానికి వచ్చిన సినిమా ఇంకా మొదలే కాలేదు.

5. లేనిది చూపించడం. ఇందులో నాకు రెండు అభిప్రాయాలున్నాయి. 2018 నాటి 'ఎవెంజర్స్: ఇన్ఫినిటీ వార్' ట్రైలర్లో హల్క్ అనే హీరో మిగతావాళ్లతో కలిసి యుద్ధానికి పరిగెత్తే షాట్ ఉంది, సినిమాలో అది లేదు. కథ దాచడానికి వేసిన దొంగ షాట్ అది. అలాంటి మోసం చేస్తే చేయండి, ఇంకా ఎక్కువ చేయండి, చప్పట్లు కొడతాను. కుటుంబ గొడవల కథని హారర్‌గా అమ్మడం మాత్రం వేరే సంగతి. భయపడదామని వచ్చినవాడు ఆవలిస్తాడు, ఆ కథ నచ్చేవాళ్లు అసలు రారు. ఇద్దరికీ నష్టమే, సినిమాకి మూడో నష్టం.

కోర్టులు కూడా ఈ విషయంలో ఒక దారిన లేవు. 2019 నాటి 'యెస్టర్‌డే' ట్రైలర్లో ఉన్న నటి సినిమాలో లేదని అమెరికాలో ఇద్దరు ప్రేక్షకులు దావా వేస్తే, ట్రైలర్ కూడా వ్యాపార ప్రకటనే, తప్పుదోవ పట్టించే ప్రకటనల చట్టం దానికీ వర్తించవచ్చని 2022 డిసెంబరులో ఒక ఫెడరల్ జడ్జి అన్నారు. ప్రచారంలో చూపించిన పాట సినిమాలో లేదన్న వివాదంలో మన సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో, ట్రైలర్ అనేది వాగ్దానం కాదని తేల్చింది. చట్టం మీ పక్షానే ఉందనుకోండి. కోర్టుకెళ్లాలని ఎవరికీ లేదు, నమ్మకంతో వస్తున్నాం, అది చాలదా?

6. అన్నీ ఒకేలా ఉండటం. మెల్లగా పియానో, గొణుగుడు గొంతు, నల్లతెర, దెబ్బ, నల్లతెర, దెబ్బ, పేరు, పేరు తర్వాత ఒక జోకు. దీనిమీద ఎక్కువ రాయను, మీకే విసుగొచ్చి ఉంటుంది.

మీ వైపు వాదన నాకు తెలియక కాదు. ఏం చూడబోతున్నారో ముందే తెలిస్తేనే జనం వస్తారని 'కాస్ట్ అవే' దర్శకుడు రాబర్ట్ జెమెకిస్ వాదించారు. పైగా 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 12 చిన్న కథలతో చేసిన పరిశోధనలో, ముగింపు ముందే తెలిసినవాళ్లకే కథలు ఎక్కువ నచ్చాయని తేలింది. మిస్టరీ కథలతో సహా. ఆ పరిశోధన మీ సమావేశాల్లో ఎవరో ఒకరు తీస్తూనే ఉంటారని నా అనుమానం. 2015లో జాన్సన్, రోసెన్‌బామ్ చేసిన పరిశోధనలో ఫలితం తిరగబడిందన్నది కూడా తీయమనండి. అయినా అది అచ్చు కథల సంగతి. ఒక కథని రెండోసారి చదివి ఆనందించడం నాకూ తెలుసు, చూసిన మిస్టరీనే మళ్లీ చూస్తాను. అలా చూసేముందు ఒక్కసారైనా తెలియకుండా చూసే హక్కు నాకుండాలి. రెండోసారి ఎప్పుడైనా వస్తుంది. మొదటిసారి ఒక్కసారే, దాన్ని మీరు వాడేసుకుంటున్నారు.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి. పెద్ద కోరికలేం కావు.

1. సస్పెన్స్, మిస్టరీ సినిమాల ట్రైలర్లలో చివరి మూడో వంతు నుంచి ఒక్క షాటూ వాడకండి. అందంగా ఉందనీ, ఖర్చెక్కువైందనీ, వానలో బాగా వచ్చిందనీ వాడకండి. సరిపోకపోతే హిచ్‌కాక్‌లా ట్రైలర్ కోసమే వేరేగా తీయండి.

2. విడుదలకు ముందు ట్రైలర్‌ని రచయితకీ దర్శకుడికీ చూపించి వాళ్ల సంతకం తీసుకోండి. వద్దన్న షాట్ తీసేయండి.

3. కథ విప్పి చెప్పే ట్రైలర్ వదలక తప్పదనుకుంటే, కీలక విషయాలున్నాయని మొదట్లోనే అక్షరాల్లో వేయండి. దాన్ని థియేటర్లో వేయకండి, ఆన్‌లైన్‌లో అడిగినవాళ్లే చూస్తారు.

4. ఆ ఐదు సెకన్ల ముక్క ఎత్తేయండి.

5. పిల్లల సినిమాల ముందు హారర్, థ్రిల్లర్ ట్రైలర్లు వద్దు. సగటు కాదు, ఒక్కో దెబ్బకీ హద్దు పెట్టండి.

6. నిడివి. 2014లో అమెరికా థియేటర్ యజమానుల సంఘం ట్రైలర్ రెండు నిమిషాలు దాటొద్దని సభ్యులకు సూచించింది, పంపిణీదారుకు ఏడాదికి రెండు మినహాయింపులిచ్చి. తప్పనిసరి కాదు, స్వచ్ఛందమే. అంతకన్నా ఎక్కువ అడగడం లేదు. మూడు నిమిషాలుంటే కథ చెప్పకుండా ఉండటం మీవల్లా కాదు.

7. ట్రైలర్ కట్ చేసిన ఎడిటర్ పేరు ట్రైలర్లోనే వేయండి. చాలాసార్లు సినిమా ఎడిటర్ వేరు, ట్రైలర్ చేసే సంస్థ వేరు, చివర్లో మార్చమని ఒత్తిడి పెట్టేవాళ్లు ఇంకా వేరు. మంచి ట్రైలర్ చేసినవారెవరో మాకూ తెలియాలి. వంతెన షాట్ పెట్టించిందెవరో కూడా.

ఈ ఏడు కోరికల్లో ఏది కుదరదో, ఎందుకు కుదరదో బహిరంగంగానే చెప్పండి. మళ్లీ లింకు మాత్రం పంపకండి.

వచ్చే నెల ఒక మిస్టరీ విడుదలవుతోంది. దాని ట్రైలర్ వచ్చి మూడు రోజులైంది, చెల్లెలు పంపింది, ఫోన్లో అలాగే ఉంది. నాన్నగారు ఇప్పటికే రెండుసార్లు అడిగారు, చూద్దామా అని. చివరి మూడో వంతు అందులో లేదని మీలో ఎవరైనా మాటిస్తే ఇవాళ రాత్రే ఆయన పక్కన కూర్చుని నొక్కుతాను.

ఇట్లు,
ఒక ప్రేక్షకురాలు